ఒంటికి పట్టని తిండి

మా బాపు కుడి దండకు, మోచేతికి పైన, వెండి కడియం ఉండేది. పెళ్లప్పుడు ఎక్కించింది. కొలిమిలో సుత్తె కొట్టీ కొట్టీ దండ లావెక్కాక అది ఇక ఊడి రాలేదు. దాని కింద పేరుకున్న మసిని కడగడం ఎవరి వల్లా కాదని మా అవ్వ నవ్వేది. ఒకరోజు పొద్దున నేను జొన్నలు విసురుతుంటే బాపు చెంబెత్తి నీళ్లు తాగాడు. చెంబు దించగానే కడియం జారి మోచేతి దగ్గర ఆగింది. బాపు నా వైపు చూశాడు. నేను చూడనట్టు తిరగలి తిప్పాను. ఆయన కడియాన్ని పైకి జరుపుకుని దాని మీద తువ్వాల కప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి నాకు మనుషుల చేతుల మీదే కన్ను. ఇంత ముసలిదాన్నయ్యాక కూడా ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ల మణికట్టు చూస్తాను. ఎవరైనా చిక్కినట్టు కనిపిస్తే ఆ పూట నాకు ముద్ద దిగదు.

అప్పటికి పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. మా ఊరు బయ్యారానికి అవతల, అడవి మొదట్లో. అడవిలో ఉన్న కమ్యూనిస్టు దళాలకు తిండి అందకూడదని చుట్టుపక్కల తండాలను ఖాళీ చేయించి, ఆ జనాన్నంతా మా ఊరికి తోలుకొచ్చి గుడిసెలు వేయించారు. ఊరి చుట్టూ ముళ్లకంప నాటారు. దొర విడిచిపోయిన గడిలో క్యాంపు పెట్టారు. పండిన గింజనంతా గడి కొట్టులో పోయించుకుని, రోజూ పొద్దున మనిషికింత అని కొలిచి ఇచ్చేవారు. ఇంట్లో గింజ ఎక్కువ కనబడితే తప్పు. మనిషి చిక్కినా తప్పే. కొలిచి ఇచ్చింది తాను తినకుండా అడవికి పంపుతున్నాడని లెక్క.

మా అన్న యాకయ్య దళంలో ఉన్నాడు. పోయేనాడు గడప దగ్గర నిలబడి "జొన్న కోతలకు వస్తనే అవ్వా" అన్నాడు. కోతలు వచ్చాయి, పోయాయి. భూపాలపల్లి దిక్కు అడవిలో చూశామని ఒకరు, గోదావరి దాటాడని మరొకరు చెప్పారు. ఆ ఏడాది మేము ఆయనకు ఒక్క మెతుకు కూడా పంపలేదు. పంపాలని లేక కాదు. ఎక్కడున్నాడో తెలిస్తే కదా.

బాపును అందరూ కమ్మరి కొమురయ్య అనేవారు. దళాలకు బరిసెలు కొట్టి ఇస్తాడని క్యాంపు వాళ్లు కొలిమి తిత్తిని కత్తితో చీల్చేశారు. పని లేక చిక్కుతున్నాడని మొదట అనుకున్నాం. తరువాత కొడుకు మీద బెంగ అనుకున్నాం. అవ్వ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. బాపుకు బాగాలేదని కబురందగానే నేను జనగామ దగ్గరి అత్తగారి ఊరి నుంచి వచ్చాను. వచ్చాక క్యాంపు వాళ్లు ఇక పోనివ్వలేదు.

బాపు తిననే తినడని కాదు. తినేవాడు. ముద్ద నోటిదాకా తెచ్చి, ముఖం అటు తిప్పుకుని, మళ్లీ ఇటు తిప్పి, కళ్లు మూసుకుని మింగేవాడు.

"వాసన పడుతలేదే సమ్మక్కా" అనేవాడు అవ్వతో.

"ఏం వాసన? నిన్నమొన్నటిదాక గదే జొన్న గట్క కుండ నాకి తింటివి" అనేది అవ్వ. తన వాటా కూడా ఆయన పళ్లెంలోకే తోసేది. మా పక్క గుడిసెలో ఉండే గోరీ, తండా నుంచి వచ్చిన మనిషి, మేకపాలు తెచ్చి ఇచ్చేది. గుడ్డు దొరికితే గుడ్డు. వారం వారం చూస్తుంటే మాత్రం దవడ ఎముకలు లేస్తున్నాయి, కణతలు లోపలికి పోతున్నాయి, వీపు మీద వెన్నుపూసలు కనిపిస్తున్నాయి.

నన్ను తీసుకుపోదామని మా ఆయన సారయ్య వచ్చాడు. వచ్చిన మూడోనాడే మమ్మల్నందరినీ గడికి పిలిపించారు.

క్యాంపు నడిపే జమాదారు మన ప్రాంతం వాడు కాదు. ఉర్దూలో మాట్లాడేవాడు, మా ఊరి పోలీసు పటేలు తెలుగు చేసేవాడు. బాపును ముందుకు రమ్మని, కడియం పట్టుకుని మోచేతి నుంచి భుజం దాకా, భుజం నుంచి మోచేతి దాకా ఆడించి చూశాడు.

"ఖానా కిధర్ గయా?" అన్నాడు.

"తిండి ఎటు పోయిందని అడుగుతుండు" అన్నాడు పటేలు.

"తిన్న పటేలా" అన్నాడు బాపు.

"తింటే గిట్లెందుకైతవు? నీ కొడుకుకు పోతుంది. నీ అల్లుడు మోస్తుండు. లేకుంటే గంత దూరం నుంచి గీ కంపలకు ఎందుకొస్తడు?"

"నా పెండ్లాన్ని తోల్కపోనీకె వచ్చిన దొరా" అన్నాడు మా ఆయన. జమాదారుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయనను బందెలదొడ్డిలో వేయమన్నాడు. పరాయి చేన్లలో పడ్డ పశువులను కట్టేసే దొడ్డి అది. అప్పుడది మనుషులకు జైలు.

తరువాత బాపును లెవీ ధాన్యం తూచే పెద్ద కాంటా ఎక్కించారు. పళ్లెంలో కూర్చోబెట్టి అవతలి పళ్లెంలో రాళ్లు వేశారు. ముల్లు నిలబడ్డాక ఆ రాళ్లన్నిటికీ సున్నం బొట్లు పెట్టించి, ఎవరూ ముట్టకూడదని గోడ పక్కన పేర్పించాడు. బాపు బరువంటే ఇక ఆ రాళ్లే.

పటేలు నాతోనే చెప్పాడు, ముఖం పక్కకు పెట్టుకుని. "ఉగాది దాకా మీ బాపు రెండు పూటలు గీ గడిలనే తింటడు, జవాను ముందట. ఉగాదినాడు మళ్ల తూస్తరు. మా కండ్ల ముందట తిని బలిసిండా, గిన్ని దినాలు మీ ఇంటి తిండి అడవికి పోయినట్టే. అప్పుడు నీ మొగన్ని దళం తొవ్వ చూపనీకె అడవికి తీస్కపోతరు."

దారి చూపడానికని తీసుకుపోయినవాళ్లు తిరిగి రారని మా ఊళ్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు.

"బలువకపోతే?" అన్నాను.

"బలువకపోవుడేంది? తిన్నోడు బలువడా?"

ఆ మాటలో నాకు గానీ, మా అవ్వకు గానీ, బాపుకు గానీ తప్పేమీ కనిపించలేదు. తిన్నవాడు బలుస్తాడు. ఎవరికైనా తెలిసిన సంగతే కదా.

*

మరునాటి నుంచి బాపు గడి వరండాలో కూర్చుని తినేవాడు. వాళ్లు మంచి తిండే పెట్టారు. బియ్యపన్నం, పప్పు, ఆదివారమైతే మేక కూర. ఎదురుగా తుపాకీ పెట్టుకుని ఒక జవాను. నేను గడి వాకిట్లో చీపురు పట్టుకుని ఊడ్చినచోటే ఊడుస్తూ చూసేదాన్ని.

బాపు మొత్తం తినేవాడు. తిన్నాక తువ్వాలను గట్టిగా నోటికి అదుముకుని, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని కూర్చునేవాడు. కంట్లో నీళ్లు కారేవి.

"కక్కుకోరాదె బాపూ, జర తక్కువైతది" అన్నాను ఒకరోజు.

"కక్కితే కావాలనే కక్కిండంటరు బిడ్డా. లోపల ఉంచుకోవాలె. తిన్నది తిన్నట్టు లెక్కకు రావాలె."

గోరీ మాత్రం నవ్వించాలని చూసేది. "మీ బాపుకు సర్కారోడే వంట చేసి పెడుతుండు. నా మొగడు టీక్యా ఒట్టి జావ తాగి ఎండుతుండు. ఓ మణెమ్మా, మావోడు కూడ అడవికి తిండి పంపుతుండని జర చెప్పరాదె, ఆదివారం కూరన్నా తింటడు" అనేది. నేను నవ్వేదాన్ని. నవ్వు ఆగాక భయం ఇంకా ఎక్కువయ్యేది.

ఎందుకంటే నా లోపల ఒక మాట తిరుగుతుండేది, ఎవరితో అనలేనిది. బాపు బలవకూడదు. అట్లా అనుకున్న మరుక్షణమే చెంపలేసుకునేదాన్ని. బందెలదొడ్డి దడి సందులోంచి మా ఆయన వేళ్లు బయటికి పెట్టేవాడు, నేను ఆ వేళ్లు పట్టుకునేదాన్ని. "మామ ఎట్లున్నడు?" అని అడిగేవాడు. బాగున్నాడని చెబితే ఆయనకు చావు, బాగాలేడని చెబితే నాకు చావు. "ఉన్నడు" అనేదాన్ని.

అవ్వ సంగతి వేరు. ఆమెకు ఇదంతా దేవుడు చేసిన మేలులా కనిపించింది. తాను పెట్టలేని తిండి ఎవరో పెడుతున్నారు. సాయంత్రం బాపు రాగానే దండ పట్టుకుని కడియం కింద వేలు దూర్చి చూసేది. "ఇగో, ఇయ్యాల వేలు జర బిగువుగ దూరింది" అనేది. దూరలేదు. నేను పక్కనే ఉన్నాను.

ఒకరోజు ఓర్చుకోలేకపోయాను. "ఎందుకే అవ్వా గట్ల మొక్కుతవు? బాపు బలిస్తే ఏమైతదో నీకు ఎరుక లేదా?"

అవ్వ పొయ్యి ముందు నుంచి లేచింది. చేతిలో కాలే కట్టె ఉంది. "అంటే? నీ మొగడు బతకాలంటే నా మొగడు ఎండి సావాలెనా?"

"నేనెప్పుడన్న గట్ల?"

"నోటితోని అనలే. నీ కండ్లు అంటున్నయ్. వాకిలి ఊడ్చుకుంట నా మొగని పళ్లెం దిక్కు చూస్తవు, ఎన్ని ముద్దలు మిగిలినయని."

బాపు గోడకు ఆనుకుని వింటున్నాడు. "ఇద్దరు ఆగుండ్రి" అన్నాడు మెల్లగా. "నన్ను అడుగుండ్రి. నేను తింటున్న గదా. సమ్మక్కా, నీ కోసం తింటున్న. మణెమ్మా, అది నా ఒంటికి పట్టకుంటే నేనేం చేద్దును? నేనైతే దాన్ని పట్టొద్దని అంటలేను, పట్టమని కూడ అంటలేను. అది నా మాట ఇంటలేదు."

ఆ తరువాత అవ్వా నేనూ ఆ మాట ఎత్తలేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండానే వండుకున్నాం, తిన్నాం.

*

ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. ఉగాది దగ్గరపడింది. కడియం మోచేతి దాటి మణికట్టు దాకా వచ్చి, అక్కడ బొమిక అడ్డం పడి ఆగింది. నాకు కొంచెం ఊపిరి వచ్చింది. అట్లా ఊపిరి వచ్చినందుకు మళ్లీ ఏడ్చాను.

అప్పుడే బాపు పాదాలు నిండడం మొదలైంది. ముందు మడమలు, తరువాత పిక్కలు. పొట్ట కూడా పైకి వచ్చింది. అవ్వకు పట్టలేని సంతోషం. గోరీని కేకేసి పిలిచింది.

"చూడే గోరీ, కాళ్లు ఎట్ల నిండినయో! నేను చెప్పలే? పట్టింది, తిండి పట్టింది."

గోరీ కూర్చుని బాపు పిక్క మీద బొటనవేలితో అదిమింది. వేలు తీశాక అక్కడ గుంట అట్లాగే ఉండిపోయింది, తడిమట్టిలో వేలిముద్ర పడినట్టు. గోరీ ముఖంలో నవ్వు పోయింది.

"అక్కా, గిది కండ కాదు. కండైతే ఎనకకు లేస్తది. గిది నీరు."

అవ్వ ఆమె చేతిని విసిరికొట్టింది. "నీ నోట్ల మన్నుపడ! నీరట, నీరు!" అంది. గోరీ లేచి పోయింది. ఆ పూట కూడా మేకపాలు తెచ్చి గడప దగ్గర పెట్టి పోయింది.

ఉగాదినాడు గడి వాకిట్లో ఊరంతా నిలబడింది. బాపు నడవలేక నడుస్తూ వచ్చి కాంటాలో కూర్చున్నాడు. సున్నం బొట్ల రాళ్లు అవతలి పళ్లెంలో పేర్చారు. జవాను తాడు వదిలాడు.

బాపు పళ్లెం కిందికి దిగింది.

జమాదారు తలాడించి బందెలదొడ్డి వైపు చెయ్యి చూపాడు. నేను జమాదారు కాళ్ల మీద పడ్డానని తరువాత గోరీ చెప్పింది. నాకు గుర్తు లేదు. గుర్తున్నది బాపు గొంతు. "పటేలా, జర ఆగుమను. నన్ను చూడుమను."

పళ్లెంలోంచే కాలు చాపి, పిక్క మీద బొటనవేలితో అదిమాడు. గుంట పడింది. అది నిండలేదు. మళ్లీ పక్కన అదిమాడు. మరో గుంట. అప్పుడు చెయ్యి ముందుకు చాపి కడియాన్ని పట్టుకుని లాగాడు. అది మణికట్టు బొమిక మీదుగా కొంచెం తొక్క లేపుకుని, వేళ్ల మీదుగా బయటికి వచ్చేసింది. పెళ్లి నుంచి ఊడని కడియం. దాన్ని జమాదారు ముందు నేల మీద పెట్టాడు.

"బలిసినోని చెయ్యి గిట్లుంటదా సాబ్? కాళ్లల్ల, కడుపుల నీరున్నది. నేను బలువలే."

జమాదారు కడియం వంక చూశాడు. కాళ్ల గుంటల వంక చూశాడు. అతనికి పెళ్లాం బిడ్డలు ఉన్నారో లేదో నాకు తెలియదు. చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. "పానీ హై తో నికాల్‌కే దిఖావ్" అన్నాడు. నీళ్లే అయితే తీసి చూపించమని. మలేరియా మందులివ్వడానికి మానుకోట నుంచి డాక్టరు మర్నాడు వస్తున్నాడు. అప్పటిదాకా ఆగుతానన్నాడు.

డాక్టరు సన్నగా, కళ్లజోడు పెట్టుకుని ఉన్నాడు. బాపును గడి వరండాలో పడుకోబెట్టి పొట్ట తట్టి చూశాడు. అటు ఒత్తిగిలమని తట్టాడు, ఇటు ఒత్తిగిలమని తట్టాడు. పైన ఒకచోట వేళ్లు ఆపి నన్ను పిలిచి నా వేళ్లు అక్కడ పెట్టించాడు. చర్మం కింద గట్టిగా, ఎగుడుదిగుడుగా, కదలని గడ్డ.

"రాచపుండు. కడుపులో పుట్టి పాకింది. కాన్సర్ అంటారు" అన్నాడు. జమాదారుతో వాళ్ల భాషలో చెప్పాడు. ఈ మనిషి ఎంత తిన్నా ఇంతే, నేను కాగితం రాసిస్తాను, వదిలేయండి అని చెప్పాడట. కాగితం వద్దన్నాడు జమాదారు. కాంటా చెప్పాలన్నాడు.

డాక్టరు బాపు దగ్గర వంగాడు. "నీళ్లు తీయగలను. తీస్తే కడుపు తేలికవుతుంది. కానీ ఆ నీళ్లతోపాటు ఒంట్లో మిగిలిన సారం కూడా పోతుంది. మళ్లీ నిండుతుంది కూడా. నువ్వు బాగా నీరసపడిపోతావు. నీ మేలు చూస్తే నేను ఇంత నీరు ఒకేసారి తీయను."

"నా మేలు ఎవరడిగిండ్రు సారూ? తియ్యి. కాంటా ఎక్కాలె" అన్నాడు బాపు.

డాక్టరు అవ్వ వైపు చూశాడు. అవ్వ ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో ఇన్నేళ్లలో ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు తేలలేదు. వంగి బకెట్ అందుకుంది.

బొడ్డు కింద లావుపాటి సూదిగొట్టం దించితే నీరు వచ్చింది. గంజి తేటలా, పచ్చగా. అవ్వ బకెట్ పట్టుకుని కూర్చుంది. అది నిండితే మరొకటి. బాపు పొట్ట మెల్లమెల్లగా దిగిపోయి చివరికి ఖాళీ తిత్తిలా ముడతలు పడింది. అప్పుడు చూశాం, నీటి కింద ఏం మిగిలిందో. పక్కటెముకలు, తుంటి ఎముకలు, వాటి మీద వేలాడే తోలు.

నడవలేకపోయాడు. జవానే ఎత్తుకుని కాంటాలో కూర్చోబెట్టాడు. తాడు వదలగానే బాపు పళ్లెం గాలిలోకి లేచింది. అవతల ఒక రాయి తీశారు, సరిపోలేదు. ఇంకొకటి తీశారు. ఇంకా తీశారు. జమాదారు ఇక చాలన్నాడు.

నేను డాక్టరు సంచి మోసే నెపంతో వాకిలి దాకా వెంట పోయాను. "డాక్టర్ సాబ్, తిన్నది ఎటు పోయింది? మా బాపు మొత్తం తిన్నడు. నేను చూసిన."

ఆయన ఆగాడు. "తెలియదమ్మా" అన్నాడు. "ఈ జబ్బున్నవాళ్లు ఇట్లా కరిగిపోతారని మా పుస్తకాల్లో ఉంది. ఎందుకు కరుగుతారో ఇంకా ఎవరికీ తెలియదు."

*

బందెలదొడ్డి తలుపు తీశారు. మా ఆయన గడ్డం పెరిగి, పేడవాసన కొడుతూ బయటికొచ్చాడు. ఆ సాయంత్రమే ఆయన సొంత ఊరికి వెళ్లిపోవాలని, మళ్లీ ఈ కంపల్లో కనిపించకూడదని షరతు. వెంట నేను కూడా పోవచ్చన్నారు.

నేను పోనన్నాను. బాపు తల పక్కన కూర్చుని మంచం కోడు పట్టుకున్నాను. సారయ్య కూడా నన్ను ఉండమన్నాడు. తాను ఒక్కడే పోతానన్నాడు.

బాపు కళ్లు తెరిచి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. "నీరు మళ్ల నిండుతదన్నడు గదా డాక్టరు. నిండితే ఆ జమాదారుకు మళ్ల పురుగు తొలుస్తది. మళ్ల కాంటా అంటడు. నువ్వు ఈడుంటే సారయ్యను మళ్ల పిలిపిస్తరు. నీ కోసం వాడు వస్తడు, వాడు గసొంటోడే. నిండకముందే పోండ్రి. బిడ్డా, నిండకముందే."

మా ఆయన బాపు కాళ్లు పట్టుకున్నాడు. ఆ కాళ్లలో నీరు అట్లాగే ఉంది. మా ఆయన వేళ్లు ఎక్కడెక్కడ తగిలాయో అక్కడ గుంటలు పడ్డాయి. "కాళ్లు ఒదలు అల్లుడా, తొక్కిన బురదోలె చేస్తున్నవు" అన్నాడు బాపు. నవ్వించాలని అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

గోరీ కంప దాకా వచ్చి సాగనంపింది. మానుకోటలో రైలెక్కి, కాజీపేటలో మారి, జనగామలో దిగాం. దారి పొడుగునా నాకు ఒకటే తలపు. బాపు పొట్టలోకి నీరు ఎక్కుతోంది, ఈ రైలు ఇంకా నిదానంగా పోతోంది.

*

నేను బడికి పోలేదు. మా ఆయన నేర్పిన నాలుగు అక్షరాలకు పొట్లాల కాగితాలు, పాత పేపర్లు చదివి చదివి మిగతావి జతచేసుకున్నాను. ముసలితనంలో మా మనవరాలు దవాఖానలో పనికి చేరి, రోగుల కోసం తెలుగులో రాసిన పుస్తకాలు ఇంటికి తెచ్చేది. వాటిలో ఒకదాంట్లో నాకు డాక్టరు చెప్పలేని జవాబు దొరికింది. వేలు పెట్టి ఒక్కొక్క వాక్యం మళ్లీ మళ్లీ చదివాను.

తిండి లేనివాడి ఒళ్లు పొదుపు చేస్తుందట. లోపలి మంటను తగ్గించుకుని, ముందు కొవ్వు వాడుకుని, కండను వీలైనంత కాలం దాచుకుంటుంది. మళ్లీ తిండి దొరికితే కోలుకుంటుంది. కాన్సర్ వచ్చిన ఒళ్లు అట్లా చేయదు. ఆ గడ్డ నుంచీ, గడ్డతో కొట్లాడే మన ఒంటి కణాల నుంచీ కొన్ని రసాయనాలు నెత్తురులో కలుస్తాయి. అవి మెదడుకు పోయి ఆకలిని చంపుతాయి. బాపు ముఖం అటు తిప్పుకున్నది అందుకే. కండకు పోయి, నిన్ను నువ్వు కరిగించుకో అని చెబుతాయి. కొవ్వుకూ అదే చెబుతాయి. కొత్త కండ కట్టే పనిని ఆపుతాయి. గడ్డ చక్కెరను సగం కాల్చి వదిలేస్తే, లివర్ ఆ మిగులును తీసుకుని, తన ఖర్చుతో మళ్లీ చక్కెర చేసి పంపుతుంది. గడ్డ మళ్లీ సగం కాల్చి వదులుతుంది. మా కొలిమిలో పనిముట్టేదీ చేయకుండా ఊరికే ఇనుము కాల్చడం, చల్లార్చడం, మళ్లీ కాల్చడం అనుకోండి. బొగ్గు మాత్రం అయిపోతుంది. బాపు పడుకుని ఉన్నా ఆయన ఒంట్లో కొలిమి ఆగలేదు. నెత్తురులో సారం తగ్గి, గడ్డ కడుపంతా పాకి, నీరు చేరింది. అందుకే ఒట్టి తిండి పెట్టినంత మాత్రాన ఆ కండ తిరిగి రాదని రాసి ఉంది.

ఎంత పెట్టినా రాదు. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి ఏడ్చాను. చదివి వినిపించడానికి అవ్వ లేదు.

బాపు పోయాక, అన్న కబురు ఏదీ లేక, అవ్వ మా దగ్గరికే జనగామ వచ్చింది. వచ్చిన రోజు ఏమీ చెప్పలేదు. చాలా కాలానికి, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, చింతపండు గింజ తీస్తూ చెప్పింది. మేము పోయాక బాపు పొట్టలోకి నీరు మళ్లీ నిండిందట. జమాదారు మనుషులు ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా "సమ్మక్కా, గొంగడి కప్పు" అనేవాడట.

"చైత్రం ఎండ. గుడిసె కప్పు కాలిపోతుంది. చెమటతోని తడిసిపోయిండు. తీస్తనయ్యా అంటే తియ్యనియ్యలే. పొట్ట కనబడొద్దు, అల్లుడు జనగామ చేరిండని కబురు రాలే ఇంకా అన్నడు. మీ కబురు వచ్చిననాడు నేనే గొంగడి తీసిన. అప్పటికి ఆయనకు ఒంటి మీద ఎరుక లేదు."

కడియం సంగతి కూడా అప్పుడే చెప్పింది. దాన్ని అమ్ముకొమ్మని ఊళ్లోవాళ్లు అన్నారట. ఈమె వినలేదు. పాడె మీద పడుకోబెట్టాక తన కొంగు చింపి బాపు దండకు చుట్లు చుట్టి, చుట్టి, లావు చేసి, దాని మీదికి కడియాన్ని ఎక్కించిందట. జారకుండా.

"ఎన్ని చుట్లు చుట్టినా బిగుస్తలేదే" అంది. చేతిలో చింతపండు అట్లాగే ఉంది. "అంత పెద్ద దండ. నేను పెట్టింది తిన్నడు, గడిల పెట్టింది తిన్నడు. ఎటు పోయిందే మణెమ్మా? నా వంటల ఏమన్న లోపమున్నదా?"

లేదన్నాను. లేదని తప్ప నాకు అప్పుడు ఇంకేమీ తెలియదు. ఆమె నా మాట నమ్మలేదు. వంగి మళ్లీ గింజ తీయసాగింది.